చంద్రుడి మీద ఉయ్యాల: ఎత్తు ఒకటేనా, తోపు ఒకటేనా?

చంద్రుడి మీద ఉయ్యాల కడితే ఎలా ఊగుతుందని అడిగితే రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. చాలా నెమ్మదిగా, నీరసంగా ఊగుతుందని కొందరు అంటారు. చిన్న తోపుకే పైపైకి ఎగిరిపోతుందని ఇంకొందరు. ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపించినా రెండూ నిజమే. భూమినీ చంద్రుణ్నీ పోల్చేటప్పుడు దేన్ని సమానంగా ఉంచుతున్నాం అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఉయ్యాలను రెండు చోట్లా ఒకే ఎత్తు నుంచి వదిలితే మొదటి జవాబు వస్తుంది. అట్టడుగున ఉన్నప్పుడు ఒకే వేగం వచ్చేలా తోస్తే రెండోది. గురుత్వం మారితే గతిశక్తి (కదలిక వల్ల ఉండే శక్తి), స్థితిశక్తి (ఎత్తు వల్ల దాగి ఉండే శక్తి) ఏమవుతాయన్న ప్రశ్న దగ్గర విద్యార్థులకు వచ్చే తికమక చాలావరకు ఈ షరతు చెప్పకపోవడం వల్లే వస్తుంది.

లెక్క కోసం ఒక ఉయ్యాలను తీసుకుందాం. తాళ్ల పొడవు రెండున్నర మీటర్లు, కూర్చున్న పాప 20 కిలోలు. గాలినీ, పైన కొక్కేల దగ్గరి రాపిడినీ ప్రస్తుతానికి పక్కన పెడదాం. తాడు నిలువుగా వేలాడే స్థితి నుంచి 60 డిగ్రీల దాకా వెనక్కి లాగితే పీట అట్టడుగు కన్నా 1.25 మీటర్లు పైకి లేస్తుంది. ఈ ఎత్తు కేవలం జ్యామితి, ఏ గ్రహం మీదైనా ఇంతే. స్థితిశక్తి కావాలంటే ద్రవ్యరాశిని, గురుత్వ త్వరణాన్ని (పడే వస్తువు వేగం ఒక్కో సెకనులో ఎన్ని మీటర్ల చొప్పున పెరుగుతుందో ఆ అంకె), ఎత్తును గుణించాలి. భూమి మీద గురుత్వ త్వరణం 9.8 కాబట్టి అది 245 జౌళ్లు (జౌల్ అంటే శక్తికి కొలమానం). వదిలాక పీట అట్టడుగుకు చేరేసరికి ఆ 245 జౌళ్లూ గతిశక్తిగా మారిపోతాయి. అప్పటి వేగం సెకనుకు 4.95 మీటర్లు, అంటే గంటకు సుమారు 18 కిలోమీటర్లు.

అదే ఉయ్యాలను చంద్రుడి మీద అదే 60 డిగ్రీల నుంచి వదిలితే, అక్కడి గురుత్వ త్వరణం 1.62 కాబట్టి, మొత్తం శక్తి 40.5 జౌళ్లే. అట్టడుగున వేగం సెకనుకు 2 మీటర్లు. అంగారకుడి మీద (3.71) 93 జౌళ్లు, వేగం 3 మీటర్లు. గురుగ్రహం దగ్గర (24.8) 620 జౌళ్లు, వేగం దాదాపు 7.9 మీటర్లు. గురుగ్రహానికి ఉయ్యాల స్తంభాలు పాతడానికి నేలే లేదు. ఈ అంకె అక్కడి మేఘాల ఎత్తులో ఉండే గురుత్వానిది, లెక్క వరకే దాని ఉపయోగం.

ఈ అంకెల్లో గమనించాల్సింది ఒకటుంది. చంద్రుడి మీద శక్తి ఆరో వంతుకు పడిపోయింది, వేగం మాత్రం ఆరో వంతు కాలేదు, భూమి మీది వేగంలో 41 శాతం దగ్గర ఆగింది. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, శక్తి ఆరు రెట్లు తగ్గితే వేగం ఆరు వర్గమూలమంత, అంటే సుమారు రెండున్నర రెట్లు మాత్రమే తగ్గుతుంది. పరీక్షల్లో ఎక్కువమంది తప్పు రాసేది ఇక్కడే.

ఇక మారనివి. పీట సగం ఎత్తుకు దిగినప్పుడు శక్తిలో సగం గతిశక్తి, సగం స్థితిశక్తి. 60 డిగ్రీల ఊపులో ఆ చోటు సుమారు 41 డిగ్రీల దగ్గర వస్తుంది. భూమి, చంద్రుడు, గురుగ్రహం, ఎక్కడైనా అదే 41 డిగ్రీలు. శక్తి సమీకరణంలో ప్రతి పదానికీ గురుత్వ త్వరణం ఒకే గుణకంగా తగులుతుంది కాబట్టి మొత్తం పెరుగుతుంది లేదా తగ్గుతుంది, రెండు రూపాల మధ్య పంపకం మాత్రం కదలదు. తాడులోని తన్యతకూ, అంటే తాడు బిగువుకూ, ఇదే వర్తిస్తుంది. 60 డిగ్రీల నుంచి వదిలిన ఉయ్యాల అట్టడుగుకు వచ్చినప్పుడు తాళ్ల మీద పడే లాగుడు, ఊగే మనిషి బరువుకు సరిగ్గా రెట్టింపు. భూమి మీద మన పాప ఆ క్షణంలో 40 కిలోల మనిషిలా తాళ్లను లాగుతుంది. చంద్రుడి మీద కూడా రెట్టింపే, కాకపోతే అక్కడి బరువుకు రెట్టింపు. నేరుగా 90 డిగ్రీల నుంచి వదిలితే మూడు రెట్లు. ఉయ్యాల తాళ్లు ఎప్పుడు తెగినా దాదాపుగా అట్టడుగునే తెగడానికి కారణం ఇదే.

ద్రవ్యరాశి సంగతి కూడా ఇలాంటిదే. రెండు వైపులా గుణకంగా ఉండి కొట్టుకుపోతుంది కాబట్టి పాప కూర్చున్నా తాతయ్య కూర్చున్నా వేగం ఒకటే. కానీ ఈ కొట్టివేత అంత తేలికగా ఒప్పుకోవాల్సిన విషయం కాదు. కదలికను అడ్డుకునే ద్రవ్యరాశి, గురుత్వం లాగే ద్రవ్యరాశి రెండూ ఒకటే అయితేనే అది కుదురుతుంది. న్యూటన్ దీన్ని లోలకాలతోనే, అంటే ఉయ్యాలలా వేలాడి ఊగే బరువులతోనే, పరీక్షించాడు. ఒకేలాంటి రెండు చెక్క పెట్టెల్లో బంగారం, వెండి, సీసం, గాజు, ఇసుక, ఉప్పు, నీళ్లు, గోధుమలు ఇలా రకరకాల పదార్థాలను సమాన బరువుతో నింపి, 11 అడుగుల తాళ్లకు వేలాడదీసి పక్కపక్కనే ఊపి చూశాడు. అవి చాలాసేపు జతగా ఊగాయి. వెయ్యిలో ఒక వంతు తేడా ఉన్నా తన ప్రయోగంలో బయటపడేదని ఆయన రాశాడు.

ఇప్పుడు రెండో షరతు. ఎత్తును వదిలేసి తోపును సమానంగా ఉంచుదాం. నిలకడగా వేలాడుతున్న ఉయ్యాలకు ఒక్కసారిగా సెకనుకు 2 మీటర్ల వేగం ఇచ్చాం అనుకుంటే గతిశక్తి ఎక్కడైనా 40 జౌళ్లే. ఆ లెక్కలో గురుత్వం రాదు. ఆ 40 జౌళ్లు ఖర్చయ్యేదాకా ఉయ్యాల ఎంత ఎత్తుకు ఎక్కగలదన్నది మాత్రం పూర్తిగా గురుత్వం చేతిలో ఉంది. భూమి మీద 20 సెంటీమీటర్లు ఎక్కి, 23 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అంగారకుడి మీద 38 డిగ్రీలు. చంద్రుడి మీద దాదాపు 60 డిగ్రీలు. గురుగ్రహం దగ్గర 15 డిగ్రీలు కూడా దాటదు. ఈసారి మొత్తం శక్తి మారలేదు, ఎత్తు మారింది.

ఉయ్యాల తాళ్లు కట్టిన పైదూలం చుట్టూ పూర్తిగా గుండ్రంగా తిరగాలంటే ఎంత వేగం కావాలి? పైన తలకిందులుగా ఉన్నప్పుడు కూడా తాడు వదులు కాకూడదు కాబట్టి, అట్టడుగున వేగం వర్గం కనీసం ఐదు రెట్ల గురుత్వ త్వరణం, తాడు పొడవుల లబ్ధమంత ఉండాలి. మన ఉయ్యాలకు భూమి మీద అది గంటకు 40 కిలోమీటర్లు. ఎంత బలంగా కాళ్లు ఆడించినా మామూలు మనిషికి అందదు. చంద్రుడి మీద గంటకు 16 కిలోమీటర్లు చాలు, కాస్త గట్టిగా పరిగెత్తేవాడి వేగం. అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్ మీద గురుత్వ త్వరణం సుమారు 0.006 మాత్రమే. అక్కడ సెకనుకు 27 సెంటీమీటర్ల వేగం ఇస్తే, అంటే వేలితో నెట్టినంత పని చేస్తే, ఉయ్యాల గుండ్రంగా తిరిగేస్తుంది. మామూలుగా ఊపితే ఒక్క ఊపు పూర్తవడానికి రెండు నిమిషాలు దాటుతుంది.

ఊపుకు పట్టే ఈ సమయమే చరిత్రలో గురుత్వం తేడాలను మొదట బయటపెట్టింది. లోలకం ఒకసారి వెళ్లి రావడానికి పట్టే కాలం, తాడు పొడవును గురుత్వ త్వరణంతో భాగించి వర్గమూలం తీస్తే వచ్చే విలువను బట్టి ఉంటుంది. మన 60 డిగ్రీల ఊపు భూమి మీద 3.4 సెకన్లు, చంద్రుడి మీద 8.4 సెకన్లు తీసుకుంటుంది. పెద్ద ఊపుల్లో కాలం కొంచెం పెరుగుతుంది. 60 డిగ్రీలకు ఆ పెరుగుదల 7 శాతం, 90 డిగ్రీలకు 18 శాతం. ఈ శాతాలు కూడా అన్ని గ్రహాల మీదా అవే. శక్తి ఆరో వంతు, అది రూపం మార్చుకునే జోరు రెండున్నర వంతుల్లో ఒకటి. రెండూ కలిపి చూస్తే చంద్రుడి మీద ప్రతి సెకనుకూ ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారే శక్తి భూమితో పోలిస్తే దాదాపు పదిహేనో వంతు. వ్యోమగాముల వీడియోల్లో వేలాడే వస్తువుల కదలిక నీరసంగా అనిపించడం వెనక ఉన్నది ఈ పదిహేనో వంతే.

1672లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాఁ రిషే దక్షిణ అమెరికాలోని కయెన్ అనే ఊరికి పరిశీలనల కోసం వెళ్లాడు. పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలక గడియారం అక్కడ రోజుకు రెండు నిమిషాలకు పైగా వెనకబడింది. సెకను కొట్టే లోలకం పొడవు దాదాపు ఒక మీటరు, దాన్ని అక్కడ మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా కుదించాల్సి వచ్చింది. వేడికి కడ్డీ సాగిందేమో అని అనుమానించినవాళ్లున్నారు. కానీ ఉక్కు కడ్డీ ఒక డిగ్రీ వేడెక్కితే గడియారం రోజుకు తప్పేది అర సెకను మాత్రమే. రెండు నిమిషాల తేడా రావాలంటే పారిస్ కన్నా కయెన్ రెండు వందల డిగ్రీలకు మించి వేడిగా ఉండాలి. 1687లో న్యూటన్ ఈ కొలతను తన సిద్ధాంతానికి సాక్ష్యంగా వాడుకున్నాడు. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల భూమధ్యరేఖ దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర నొక్కుకుపోయిందని, అందుకే భూమధ్యరేఖ దగ్గర గురుత్వం తక్కువని వాదించాడు. ఈనాటి కొలతల ప్రకారం భూమధ్యరేఖ దగ్గర 9.780, ధ్రువాల దగ్గర 9.832. ఆ తేడాలో మూడింట రెండు వంతులు భూభ్రమణం నేరుగా తగ్గించేది, మిగతాది ఆకారం వల్ల వచ్చేది.

ఇది దూరదేశాల విషయమే కాదు. ఢిల్లీలో సరిచేసిన లోలకం గోడ గడియారాన్ని హైదరాబాద్ తెచ్చి తగిలిస్తే, అక్షాంశం, ఎత్తు రెండూ లెక్కలోకి తీసుకున్నప్పుడు, అది రోజుకు సుమారు అర నిమిషం వెనకబడుతుంది. 1865లో దేశాన్ని కొలిచి పటాలు గీసే భారత మహా త్రికోణమితి సర్వే దేశమంతటా లోలకాలతో గురుత్వాన్ని కొలవడం మొదలుపెట్టింది. ఆ పని చూసిన కెప్టెన్ బసెవీ 1871లో లద్దాఖ్‌లోని మోరే పీఠభూమి మీద, 15,000 అడుగులకు పైన, కొలతలు తీశాడు, ఆ యాత్రలోనే చనిపోయాడు. హిమాలయాలంత ద్రవ్యరాశి చుట్టూ ఉన్నా అక్కడ గురుత్వం లెక్క కన్నా తక్కువగా తేలింది. పర్వతాల కింద తేలికైన పదార్థం లోతుకు చొచ్చుకుపోయి ఉంటుందన్న ఊహకు అది బలం ఇచ్చింది. ఇప్పుడు ఆ పనికి లోలకాలు వాడరు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ లాంటి చోట్ల స్ప్రింగు ఆధారంగా పనిచేసే గురుత్వమాపకాలు ఆ పని చేస్తాయి.

పక్కన పెట్టిన గాలిని ఇప్పుడు లెక్కలోకి తీసుకుందాం. తక్కువ గురుత్వంలో శక్తి తక్కువ కాబట్టి గాలి దాన్ని త్వరగా తినేస్తుందని అనిపిస్తుంది. అలా జరగదు. ఉయ్యాల లాంటి పెద్ద వస్తువు మీద గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. ఒకే ఎత్తు నుంచి వదిలితే వేగం వర్గం గురుత్వంతో పాటే తగ్గుతుంది, మొత్తం శక్తీ అంతే తగ్గుతుంది. దాంతో ఒక్కో ఊపుకు పోయే శక్తి శాతం మారదు. అన్ని చోట్లా ఒకే సాంద్రత గల గాలి ఉంటే, ఉయ్యాల ఆగేలోపు ఊగే ఊపుల సంఖ్య ఒకటే. శని ఉపగ్రహం టైటన్ మీద గురుత్వం చంద్రుడి కన్నా కూడా తక్కువ, గాలి మాత్రం మన గాలి కన్నా నాలుగు రెట్లకు పైగా దట్టం. అక్కడ ఉయ్యాల తొందరగా ఆగిపోయేది గాలి చిక్కదనం వల్లే.

కాళ్లు చాచి, ముడిచి, లేదా నిలబడి, కూర్చుని ఉయ్యాల ఊపును పెంచుకోవడం కూడా ఇదే పద్ధతిలో సాగుతుంది. అట్టడుగున లేచి నిలబడేటప్పుడు చేసే పని తాడు లాగుడును బట్టి ఉంటుంది, అది గురుత్వంతో పాటే తగ్గుతుంది. చంద్రుడి మీద ఒక్కో ఊపుకు వచ్చే శక్తి తక్కువ, కావాల్సిన శక్తీ తక్కువ. అదే ఎత్తుకు చేరడానికి అన్నే ఊపులు పడతాయి, సమయం మాత్రం రెండున్నర రెట్లు.

అసలు చిక్కు ప్రశ్న ఇంకొకటుంది. ఉయ్యాల ఊగుతుండగానే గురుత్వం మారితే? కంప్యూటర్ మీద లోలకం బొమ్మలు చూపించే చాలా కార్యక్రమాల్లో గురుత్వాన్ని జరిపే మీట ఉంటుంది. దాన్ని ఊపు మధ్యలో కదిపితే మొత్తం శక్తి గీత ఒక్కసారిగా ఎగురుతుంది లేదా కూలుతుంది. శక్తి పుట్టదు, నశించదు అనే శక్తి నిత్యత్వ నియమం తప్పిందా అన్న సందేహం సహజం.

మన ఉయ్యాలనే చూద్దాం. భూమి మీద 60 డిగ్రీల నుంచి ఊగుతోంది, 245 జౌళ్లు. అది ఒక కొసన క్షణకాలం ఆగినప్పుడు గురుత్వాన్ని చంద్రుడి స్థాయికి తగ్గిస్తే ఎత్తు మారదు, స్థితిశక్తి 40.5 జౌళ్లకు పడిపోతుంది. ఆ తర్వాత అది మామూలు చంద్రుడి ఉయ్యాల. అదే మార్పు అట్టడుగున జరిగితే? అప్పుడు ఎత్తు సున్నా, శక్తి అంతా గతి రూపంలో ఉంది, 245 జౌళ్లూ అలాగే మిగులుతాయి. చంద్రుడి గురుత్వంలో గుండ్రంగా తిరగడానికి 202.5 జౌళ్లు చాలు. అంటే ఉయ్యాల పైనుంచి చుట్టు తిరిగి కిందికి వస్తుంది. ఒకే మీట, ఒకే మార్పు. జరిపిన క్షణాన్ని బట్టి ఒకసారి నెమ్మదైన ఊపు, ఇంకోసారి పూర్తి చుట్టు.

అయితే గురుత్వాన్ని చాలా నెమ్మదిగా, ఎన్నో ఊపుల మీదుగా తగ్గిస్తే ఈ రెంటిలో ఏది జరుగుతుంది? రెండూ కాదు. 1911లో బ్రస్సెల్స్‌లో జరిగిన తొలి సాల్వే భౌతిక శాస్త్రవేత్తల సమావేశంలో ఇలాంటి ప్రశ్ననే డచ్ శాస్త్రవేత్త లోరెంజ్ లేవనెత్తాడు. ఊగుతున్న లోలకం తాడును మెల్లమెల్లగా కుదిస్తే ఏమవుతుందని. శక్తిని సెకనుకు ఊగే ఊపుల సంఖ్యతో భాగిస్తే వచ్చే విలువ మారకుండా నిలుస్తుందని ఐన్‌స్టీన్ చెప్పాడు. అప్పుడే తలెత్తుతున్న క్వాంటం సిద్ధాంతానికి అలా మారని రాశులు అవసరం. గురుత్వానికీ అదే సూత్రం పనిచేస్తుంది. 10 డిగ్రీల చిన్న ఊపును భూమి నుంచి చంద్రుడి గురుత్వానికి నెమ్మదిగా తెస్తే శక్తి 41 శాతానికి తగ్గుతుంది, ఊపు దాదాపు 16 డిగ్రీలకు పెరుగుతుంది. కొసన మార్చి ఉంటే 10 డిగ్రీలే ఉండేది, అట్టడుగున మార్చి ఉంటే 25 డిగ్రీల దాకా వెళ్లేది. నెమ్మదిగా మార్చినప్పటి ఫలితం ఆ రెంటి గుణమధ్యమం (రెండు అంకెల లబ్ధానికి వర్గమూలం) దగ్గర నిలవడం చూడముచ్చటైన సంగతి.

మరి ఆ శక్తి ఎటు పోయింది? గురుత్వాన్ని మార్చినవాడికి పోయింది, లేదా అతని దగ్గర్నుంచి వచ్చింది. బొమ్మలో ఆ మనిషి కనిపించడు. నిజ జీవితంలో కనిపించే చోటు లిఫ్టు. లిఫ్టు పైకి బయల్దేరేటప్పుడు సెకనుకు సెకనుకు ఒక మీటరు త్వరణంతో కదిలితే, లోపల వేలాడే లోలకానికి గురుత్వం 9.8 బదులు 10.8 అయినట్టే. లోలకం కొసన ఉండగా లిఫ్టు కదిలితే లోపలివాళ్ల లెక్కలో దాని శక్తి పది శాతం పెరుగుతుంది. ఆ పెరుగుదల లిఫ్టు మోటారు ఇచ్చింది. బయట నేల మీద నిలబడి చూసేవాడికి తాడు కట్టిన కొక్కెమే పైకి లేస్తోంది, తాడు లాగుడు పని చేస్తోంది. లోలకాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుని మోటారును వదిలేస్తేనే శక్తి ఎక్కడినుంచో ఊడిపడినట్టు కనిపిస్తుంది.

లిఫ్టు తాడు తెగిపోయిన స్థితే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో నిరంతరం ఉంటుంది. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున కూడా గురుత్వం నేల మీద ఉన్నదాంట్లో 89 శాతం దాకా ఉంది. కేంద్రం, అందులోని మనుషులు, లోలకం అన్నీ కలిసే పడుతుంటాయి కాబట్టి లోపల అది కనిపించదు. అక్కడ లోలకాన్ని పక్కకు జరిపి వదిలితే జరిపిన చోటే ఉండిపోతుంది. తోస్తే తాడు బిగిసి, కొక్కెం చుట్టూ ఒకే వేగంతో తిరుగుతూనే ఉంటుంది. శక్తి అంతా గతిశక్తే, మారడానికి స్థితిశక్తి అనే రెండో రూపం లేదు. అలాంటి చోట ఊగిసలాట కావాలంటే స్ప్రింగు వాడాలి, ఎందుకంటే స్ప్రింగు దాచుకునే శక్తికి గురుత్వంతో సంబంధం లేదు. ద్రవ్యరాశి కూడా ఇక్కడ కొట్టుకుపోదు. బరువైన వస్తువు స్ప్రింగు మీద నెమ్మదిగా ఊగుతుంది. 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో వ్యోమగాముల బరువును, కచ్చితంగా చెప్పాలంటే ద్రవ్యరాశిని, చూసింది ఈ పద్ధతిలోనే. స్ప్రింగుకు బిగించిన కుర్చీలో కూర్చోబెట్టి, ముందుకూ వెనక్కూ ఊగనిచ్చి, ఒక్కో ఊపుకు ఎన్ని సెకన్లు పట్టిందో కొలిచి లెక్కగట్టారు.